పొడుగు మనిషి, పొట్టి కారు: మియాటాలో ఎక్కడ తగ్గిస్తే ఎంత చోటు వస్తుంది

మాజ్డా ఎంఎక్స్-5కి అమెరికాలో మియాటా అని పేరు. రెండే సీట్లు, ముందు ఇంజను, శక్తి అంతా వెనక చక్రాలకు, మొదటి తరంలో బరువు టన్నుకు అటూ ఇటూ. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చిన ఈ కారుకు ఇప్పటికి నాలుగు తరాలు: ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ. మాజ్డా మన దేశంలో దీన్ని అమ్మలేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, శని ఆదివారాలకు సరదా కారు ఒకటి కొనుక్కోవాలనుకునే తెలుగువాళ్లకు మాత్రం సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఇది ఎదురవుతూనే ఉంటుంది. అందులో ఆరడుగులు దాటినవాళ్లు ఎక్కి కూర్చోగానే అడిగేది ఒకటే: ఇందులో నేను పడతానా?

పడతారు, చాలామంది. కాకపోతే కారును ఎలా ఉన్నదాన్ని అలా వదిలేస్తే కాదు. ఇబ్బంది వచ్చేది నాలుగు చోట్ల. తల గుడ్డ టాప్ అడ్డబద్దకు తగులుతుంది, లేదా కళ్లు సరిగ్గా అద్దం పైఫ్రేము ఎత్తులోకి వస్తాయి. స్టీరింగ్ అడుగు తొడల మీద ఆనుతుంది. క్లచ్ వదిలేటప్పుడు ఎడమ మోకాలు పైకి లేచి స్టీరింగ్ చక్రానికో, తలుపుకో కొట్టుకుంటుంది. సీటు భుజాల దగ్గర నొక్కేస్తుంది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతోనే చిక్కంతా. ఒకచోట చోటు సంపాదిస్తే ఇంకోచోట పోతుంది. అందుకని ముందు ఏది చెయ్యాలి, తర్వాత ఏది చెయ్యాలి అన్నదే ఇక్కడ అసలు విషయం.

ముందు ఎత్తు సంగతి. ఆరడుగుల రెండంగుళాల మనుషులు ఇద్దరుంటే ఒకరికి ఈ కారు సరిపోయి, మరొకరికి అసలు సరిపోకపోవచ్చు. ఒకరిది పొడుగు మొండెం, ఇంకొకరివి పొడుగు కాళ్లు. కొలుచుకోవడం తేలిక. నేలమీద గోడకు వీపు ఆనించి కూర్చుని, తలమీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, నేల నుంచి దాని అడుగుదాకా కొలవండి. అది కూర్చున్న ఎత్తు. తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చుని వీపు వెనక నుంచి మోకాలి చిప్ప ముందుదాకా కొలవండి. మొదటి కొలత పెద్దదైతే మీ యుద్ధం టాప్‌తో, రెండోది పెద్దదైతే స్టీరింగ్‌తో. రెండూ పెద్దవే అయితే కింద చెప్పేవన్నీ కావాలి.

బ్రోషర్‌లో రాసే హెడ్‌రూమ్ అంకెను నమ్ముకుంటే లాభం లేదు. ఎస్ఏఈ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం) పద్ధతిలో ఒక బొమ్మను సీట్లో కూర్చోబెట్టి, దాని తుంటి బిందువు నుంచి 8 డిగ్రీలు వెనక్కి వాలిన గీత మీద కప్పు దాకా కొలిచి, దానికి 102 మిల్లీమీటర్లు కలుపుతారు. ఆ గీతకు కాస్త ముందు అద్దం ఫ్రేము ఎంత కిందికి ఉందో ఆ అంకెలో ఉండదు. లెగ్‌రూమ్ కొలిచేది సీటును పూర్తిగా వెనక్కి తోసి. మియాటాలో సీటును అంత వెనక్కి తోస్తే దాని వీపు వెనక గోడకు ఆనుకుని నిటారుగా నిలబడిపోతుంది, తల పైకి లేస్తుంది. కాగితం మీద కనబడే ఆ రెండు అంకెలు ఒకేసారి మీ చేతికి రావన్నమాట.

పైసా ఖర్చు లేని మొదటి ప్రయోగం ఇక్కడే ఉంది. సీటును ఒకటి రెండు గాళ్లు ముందుకు జరిపి, వీపును వెనక్కి వాల్చి చూడండి. తుంటి నుంచి మెడ దాకా 65 సెంటీమీటర్లనుకుందాం. వీపు వాలు 15 డిగ్రీల నుంచి 20కి మారితే తల దాదాపు 1.7 సెంటీమీటర్లు దిగుతుంది. అదే మార్పుకు భుజాలు 5 సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతాయి. చేతులు పొడుగున్న ఆజానుబాహువులకు ఇది లెక్కలోకి రాదు. మిగతావాళ్లకు స్టీరింగ్ అందదు. ఎన్‌ఏ, ఎన్‌బీ కార్లలో స్టీరింగ్ కిందికీ పైకీ జరగదు, ముందుకీ వెనక్కీ రాదు. ఎన్‌సీలో కిందికీ పైకీ మాత్రం జరుగుతుంది. దగ్గరికి లాక్కునే వీలు ఎన్‌డీలో 2019 మోడల్ నుంచే వచ్చింది, అదీ దాదాపు 30 మిల్లీమీటర్లు. ఇంకా కొననివాళ్లకు ఇదొక్కటి చాలు: పొడుగు మనిషి ఎన్‌డీ కొనదలిస్తే 2019 మోడలో, ఆ తర్వాతిదో వెతకాలి. ఇక్కణ్నుంచి చెప్పేదంతా ముఖ్యంగా ఎన్‌ఏ, ఎన్‌బీల గురించి. బాధ ఎక్కువా వాటిలోనే, చెయ్యగలిగింది ఎక్కువా వాటిలోనే.

సీటు అడుగున

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది సీటు ఫోమ్ తగ్గించడం. తుంటి దిగితే తల, కళ్లు దిగుతాయి, తొడలు కొంత దిగుతాయి, భుజాలు సీటులోకి సర్దుకుంటాయి. ఇంకో లాభం చాలామందికి తట్టదు. ఎన్‌ఏ సీటు వీపు, తలదిండు ఒకే ముక్క, తలదిండు పైకి లేవదు. పొడుగు మనిషి తల దాన్ని దాటి పైకి ఉంటుంది, వెనక నుంచి ఇంకో కారు గుద్దితే మెడకు ఆసరా ఉండదు. సీటు మొత్తాన్ని రైళ్లతో (సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలతో) సహా దించితే తలదిండూ దానితోపాటే దిగిపోతుంది. ఫోమ్ తీస్తే మనిషి మాత్రమే దిగుతాడు, తలదిండు ఉన్నచోటే ఉంటుంది. అందువల్ల సీటు దించే బ్రాకెట్ల కన్నా ఫోమ్ తగ్గించడమే మేలు.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యండి. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. టాప్ తెరిచి పెట్టుకోండి. సీటును పూర్తిగా ముందుకు జరిపితే వెనక రెండు బోల్టులు, పూర్తిగా వెనక్కి జరిపితే ముందు రెండు బోల్టులు కనబడతాయి. 14 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది. పాత కార్లలో ఇవి తుప్పుతో బిగుసుకుని ఉంటాయి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె చల్లి వదిలేస్తే తలలు అరిగిపోకుండా వస్తాయి. సీటును లేపేముందు అడుగున వైర్లు చూడండి. ఎన్‌ఏలో తలదిండు స్పీకర్లకు, బెల్టు బకిల్‌కు కనెక్టర్లుంటాయి. గడప పెయింటు మీద దుప్పటి పరిచి, సీటును పైనుంచే బయటికి తియ్యండి.

కోత పెట్టే ముందు మీకు ఎంత కావాలో తెలియాలి. కవరు విప్పి ఫోమ్ మొత్తం తీసేసి, అడుగున్న ఇనుప తట్ట మీద మడిచిన తువ్వాళ్లు పరిచి, సీటును కార్లో నాలుగు బోల్టులతో పెట్టి కూర్చోండి. తువ్వాళ్లు ఒక్కొక్కటే తీస్తూ, వేస్తూ, కళ్లు అద్దం ఫ్రేము అడుగు కంటే కనీసం నాలుగైదు సెంటీమీటర్లు కిందికి వచ్చేదాకా సర్దండి. అప్పుడు తట్టకూ మీకూ మధ్య మిగిలిన మందం ఎంతో తేలుతుంది. ఈ అరగంట పనిని దాటేసి నేరుగా కత్తి పట్టినవాళ్లే తర్వాత కొత్త ఫోమ్ కోసం వెతుక్కుంటారు.

కవరు విప్పడంలో ఓపిక కావాలి. అంచులు తట్ట కింద కొక్కేలకు తగిలించి ఉంటాయి, ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే వదిలించాలి. మధ్యలో కుట్ల దగ్గర కవరును ఫోమ్‌లోకి లాగిపట్టే తీగలు, వాటిని బిగించిన చిన్న ఇనుప రింగులు ఉంటాయి. రింగుల్ని కటింగ్ ప్లేయర్‌తో తుంచెయ్యవచ్చు, తిరిగి బిగించేటప్పుడు జిప్ టైలు వాడితే చాలు. తీగల్ని మాత్రం పారెయ్యకండి. అవి లేకపోతే కవరు మధ్యలో బుంగలా పైకి లేస్తుంది.

ఫోమ్‌ను ఎప్పుడూ అడుగువైపు నుంచే తగ్గించాలి. పైభాగం ఆకారం కంపెనీ పోసింది, దాన్ని చేత్తో మళ్లీ తేలేం. పళ్లున్న పొడుగాటి బ్రెడ్డు కత్తి బాగా పనిచేస్తుంది. వేడి తీగతో కొయ్యడం సులువుగా కనబడుతుంది కానీ, పాలీయూరితేన్ కాలితే వచ్చే పొగ విషం. మూసిన గ్యారేజీలో ఆ పని వద్దు. మొదట 25 మిల్లీమీటర్ల పొర తీసి, పెట్టి, కూర్చుని చూడండి. తర్వాతే ఇంకొంత.

40 మిల్లీమీటర్లు కోసినా అంతా దిగలేదేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. మనిషి కూర్చోగానే ఫోమ్ ఎలాగూ నలుగుతుంది. బరువుకు సగం మందానికి నలిగే ఫోమ్‌లో 40 మిల్లీమీటర్లు తీస్తే నిజంగా దిగేది 20. పాతబడి మెత్తబడ్డ ఫోమ్‌లో ఇంకా తక్కువ. తువ్వాళ్ల ప్రయోగంలో తేలింది నలిగిన మందం అన్నది గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

ఎక్కడ తియ్యాలి అన్నది ఎంత తియ్యాలి అన్నదానికంటే ముఖ్యం. కూర్చున్నప్పుడు బరువంతా పడేది పిరుదుల్లోని రెండు ఎముకల మీద. వాటి కింద, వాటి వెనక తోకెముక కింద ఎక్కువ తియ్యండి. తొడల కింద, అంటే ముందు అంచు నుంచి పది సెంటీమీటర్ల మేర, దాదాపు ముట్టుకోకండి. తొడలు స్టీరింగ్‌కు తగులుతున్నాయని ముందు భాగమే కోసెయ్యాలనిపిస్తుంది. అది ప్రమాదం. సీటు ముందు భాగం వెనకకంటే కిందికి పోతే, గుద్దుకున్నప్పుడు తుంటి ముందుకు జారి నడుం బెల్టు కిందికి దూరుతుంది. బెల్టు తుంటి ఎముకల మీద ఉండాల్సింది పోయి పొట్ట మీదికి ఎక్కుతుంది. లోపలి అవయవాలు దెబ్బతినేది అలాగే. సీటు ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి.

ఇంకో లోపం అడుగు తగలడం. ఫోమ్ మరీ పల్చబడితే గుంతలో పడ్డ ప్రతిసారీ ఇనుప తట్ట ఎముకకు తెలుస్తుంది, వెన్నుకు దెబ్బ. ఎముకల కింద మీరు కూర్చున్నాక కూడా కొంత మెత్తదనం మిగలాలి. తట్ట మీద 10 మిల్లీమీటర్ల గట్టి ఈవీఏ (చెప్పుల సోళ్లలో వాడే నురుగు) షీటు అంటించడం మంచి మార్గం. యోగా చాప మందమైనదైతే అదీ సరే. ఒకేసారి అడుగంతా సమంగా కోసినవాళ్లకు కవరు వదులై ముడతలు పడుతుంది. కొక్కేల దగ్గర లాగి బిగించాలి, లేదా సీటు కవర్లు కుట్టేవాళ్ల చేత అంచు కత్తిరించి కుట్టించాలి. చుట్టూ నాలుగు సెంటీమీటర్ల గట్టు వదిలి మధ్యలో మాత్రం గుంత తీస్తే ఈ బాధ ఉండదు. చాలామందికి సరిపోయేది ఈ రెండో పద్ధతే.

సీటు వీపులో కూడా తియ్యవచ్చు, కానీ పొదుపుగా. నడుం దగ్గర 15 నుంచి 20 మిల్లీమీటర్లు తీస్తే మొండెం అంతమేర వెనక్కి పోతుంది, మోకాళ్లకు చోటు వస్తుంది. భుజాలు నొక్కుతున్న చోట పక్క రెక్కల ఫోమ్ సన్నం చెయ్యవచ్చు. ఎన్‌సీ, ఎన్‌డీల్లో మాత్రం సీటు వీపు జోలికి పోవద్దు: పక్క ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంది. ఎన్‌డీ సీటు అడుగూ వేరు, దానిలో తట్ట బదులు వల ఉంటుంది. ఈ పాత కిటుకు అక్కడ యథాతథంగా పనికిరాదు, సీటు దించే బ్రాకెట్లే దారి.

తుంటి దిగాక స్టీరింగ్

కుర్చీలోంచి లేచి పీట మీద కూర్చుంటే మోకాళ్లు ఎలా పైకి లేస్తాయో, ఫోమ్ తీసిన సీటులోనూ అదే జరుగుతుంది. మడమలు ఉన్నచోటే ఉంటాయి, తుంటి దిగుతుంది. తొడ మధ్యభాగం దిగేది తుంటి దిగినదాంట్లో సగమే, మోకాలు ఉన్నచోటే ఉంటుంది లేదా కాస్త లేస్తుంది. కాబట్టి స్టీరింగ్ అడుగున చోటు 20 మిల్లీమీటర్లు పెరగాల్సింది 10 పెరుగుతుంది. పొడుగు కాళ్లవాళ్లకు అది చాలదు.

చిన్న స్టీరింగ్ వేసుకోవడం అందరూ చెప్పే మందు. లెక్క చూస్తే దాని అసలు బలం తెలుస్తుంది: వ్యాసం 20 మిల్లీమీటర్లు తగ్గితే అడుగున వచ్చే చోటు 10 మాత్రమే. మోమో, నార్డీ కంపెనీల 350 మిల్లీమీటర్ల చక్రాలు ఈ కార్లలో బాగా వాడుకలో ఉన్నాయి. అంతకంటే చిన్నదైతే మీటర్ల పైభాగం చక్రం వెనక దాక్కుంటుంది, పవర్ స్టీరింగ్ లేని కార్లో పార్కింగ్ చెయ్యడానికి చేతులు నొప్పెడతాయి. అడుగు చదునుగా ఉండే చక్రం ఎక్కి దిగేటప్పుడు, హైవే మీద తిన్నగా పోయేటప్పుడు సుఖం. మలుపులో చక్రం తిరగ్గానే చదును పక్కకు పోయి, దాని మూల తొడకు గుచ్చుకుంటుంది. మలుపుల కోసమే కొన్న కారుకు గుండ్రటిదే నయం.

చక్రాన్ని కాలమ్‌కు (స్టీరింగ్ కడ్డీకి) బిగించే హబ్‌ను బాస్ కిట్ అంటారు. దాని పొడుగు మీద కాస్త బుర్ర పెట్టాలి. కాలమ్ మనవైపు వస్తూ పైకి వాలి ఉంటుంది. ఆ వాలు 20 డిగ్రీలనుకుంటే, 50 మిల్లీమీటర్ల పొడుగు హబ్ చక్రాన్ని దగ్గరికి తేవడమే కాక 17 మిల్లీమీటర్లు పైకీ లేపుతుంది. వీపు వాల్చుకోవడం వల్ల దూరమైన స్టీరింగ్ ఇలా తిరిగి చేతికందుతుంది. నష్టాలు రెండు: చక్రం తొడ లావుగా ఉండే భాగం మీదికి వస్తుంది కనుక లేచిన 17లో కొంత అక్కడ పోతుంది, ఇండికేటర్ పుల్ల వేళ్లకు దూరమవుతుంది.

పెద్ద నష్టం ఎయిర్‌బ్యాగ్. అమెరికాలో అమ్మిన మియాటాల్లో మొదటినుంచీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఈ చక్రం మారిస్తే అది పోతుంది. అక్కడి ఫెడరల్ చట్టం కార్లు బాగుచేసే షాపుల్ని, డీలర్లను భద్రతా పరికరాలు పనిచెయ్యకుండా చెయ్యొద్దంటుంది. యజమాని తన కారుకు తాను చేసుకుంటే ఆ నిషేధం వర్తించదు గానీ, రాష్ట్రాల తనిఖీ నియమాలు, ఇన్సూరెన్స్ షరతులు వేరే ఉంటాయి. మన దేశంలో అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు విరుద్ధంగా మార్పులు చెయ్యొద్దంటుంది. రోజూ ఆఫీసుకు నడిపే కారైతే ఎయిర్‌బ్యాగ్ చక్రాన్ని వదులుకోకండి. ట్రాక్ కోసమే ఉంచుకున్నదైతే లెక్క వేరు.

ఎయిర్‌బ్యాగ్ ఉంచుకునేవాళ్లకు మిగిలింది కాలమ్ వాలు మార్చడం. కాలమ్ డ్యాష్‌బోర్డు కింద రెండు చోట్ల వేలాడుతుంది, ఒకటి చక్రం దగ్గర, ఒకటి పెడళ్ల వైపు. పెడళ్ల వైపు బ్రాకెట్‌కూ బాడీకీ మధ్య వాషర్లు పెడితే ఆ కొస దిగి, చక్రం కొస లేస్తుంది. వచ్చేది కొన్ని మిల్లీమీటర్లే, సెంటీమీటరు వస్తే గొప్ప. బిగించాక చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కింద జాయింట్ ఎక్కడా పట్టేయడం లేదని చూడాలి. చక్రం వైపు బ్రాకెట్ గుద్దుకున్నప్పుడు ఊడి ముందుకు జారేలా చేసినది. దానికి రంధ్రం వెయ్యడం, వెల్డింగ్ పెట్టడం వంటివి అసలొద్దు.

మోకాలికి ఇంకొన్ని చిన్న ఉపశమనాలు ఉన్నాయి. ఎన్‌ఏలో చేత్తో తిప్పే కిటికీలున్న కారైతే ఆ హ్యాండిల్ సరిగ్గా మోకాలి దగ్గర పొడుచుకొస్తుంది. పొట్టి హ్యాండిల్ వేసినా చాలు, పవర్ విండోలకు మారినా సరే (వాటి స్విచ్‌లు మధ్య కన్సోల్‌లో ఉంటాయి). అడుగున మందపాటి రబ్బరు మ్యాట్లు తీసేస్తే మడమ దిగి, మోకాలు అంత దిగుతుంది. మందం సోలు బూట్ల బదులు పల్చటి, సన్నటి బూట్లు వేసుకుంటే పెద్ద పాదానికి పెడళ్ల మధ్య చోటు దొరుకుతుంది.

అదీ చాలకపోతే

ఫోమ్ తీసినా తల తగులుతోందంటే సీటే మార్చాలి. లోటస్ ఎలీజ్ సీట్లు పాత మియాటాల్లో వేసుకోవడం ఎప్పటినుంచో ఉన్న వాడుక, పల్చగా, ఇరుగ్గా, కిందికి ఉంటాయి. ఫైబర్ లేదా అల్యూమినియం బకెట్ సీటును నేలకు దగ్గరగా బిగిస్తే ఫోమ్ కోత ఇవ్వలేనంత చోటు వస్తుంది. కొనేముందు టన్నెల్‌కూ (రెండు సీట్ల మధ్య నేల గట్టుకూ) గడపకూ మధ్య వెడల్పు, తలుపు మూసినప్పుడు భుజం ఎత్తులో వెడల్పు రెండూ కొలవాలి. తుంటి దగ్గర పట్టి, భుజం రెక్కలు తలుపుకు కొట్టుకోవడం తరచుగా జరిగేదే. జరిపే రైళ్లు వేస్తే ఎత్తు రెండు సెంటీమీటర్లకు పైగా తిరిగి పెరుగుతుంది. రైళ్లు లేకపోతే కారు ఒక్కరిదే, ఇంట్లో ఇంకొకరు నడపలేరు. అసలు సీటు రైలుకే బిగించి ఉండే బెల్టు బకిల్‌కు కొత్త సీటులో గట్టి చోటు చూపించాలి. సన్నటి పట్టీకి కట్టేస్తే అది గుద్దుకున్నప్పుడు ఆగదు.

రోల్ బార్ (కారు బోల్తాపడితే తలను కాపాడే ఇనుప గొట్టం) వేసుకునేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. బార్ సీటు వెనక చోటును తినేస్తుంది, సీటు పూర్తిగా వెనక్కి పోదు, వాలదు. పొడుగు మనిషికి సరిగ్గా కావాల్సిందే పోయింది. ట్రాక్ డేల్లో చేసే పరీక్ష ఏమిటంటే, అద్దం ఫ్రేము మీది నుంచి బార్ మీదికి ఒక కర్ర పెడతారు, హెల్మెట్ దానికి రెండంగుళాలు కిందికి ఉండాలి. మామూలు రోడ్డు మీద హెల్మెట్ ఉండదు, ఇనుప గొట్టం తలకు జానెడు దూరంలో ఉంటుంది. రేసు కార్ల భద్రతకు పెట్టిన ఎస్ఎఫ్ఐ 45.1 ప్రమాణం ఉన్న గట్టి ప్యాడింగ్ కట్టాల్సిందే. పైపులకు చుట్టే మెత్తటి నురుగు తలను ఆపదు.

కళ్లు ఇంకా ఫ్రేముకు దగ్గరగానే ఉంటే సిగ్నల్ దగ్గర గీతకు ఒక కారు పొడవు ముందే ఆగడం అలవాటు చేసుకోండి, లైటు కనబడుతుంది. అద్దం పైఅంచుకు అంటించే ఫ్రెనెల్ లెన్సు (పైనున్నదాన్ని కిందికి చూపించే పల్చటి ప్లాస్టిక్ లెన్సు) ముక్క కూడా అదే పని చేస్తుంది.

పని పూర్తయ్యాక సీటును జరిపి, రెండు వైపుల రైళ్లూ ఒకే గాడిలో తాళం పడ్డాయో లేదో చేత్తో ఊపి చూడండి. ఒకవైపే పడితే బ్రేకు కొట్టినప్పుడు సీటు మెలితిరుగుతుంది. బోల్టుల్ని సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, వారం నడిపాక మరోసారి చూడాలి. కోసిన ఫోమ్ ముక్కల్ని కవరులో కట్టి గ్యారేజీలో ఉంచండి, కారు అమ్మేటప్పుడు కొనేవాడు అయిదున్నర అడుగుల మనిషి కావచ్చు. వీలైతే స్క్రాప్ యార్డు నుంచి రెండో సీటు అడుగు తెచ్చి దాన్నే కొయ్యడం ఇంకా మంచిది.